కానో పెద్దాయన నన్ను సలహా అడిగిన రోజు

మా సింగపూర్ తెలుగు సంఘం కుర్రాళ్లు మొన్న ఇంటికొచ్చి, "అంకుల్, మీ కెరీర్‌లో ఒక మంచి రోజు గురించి రాసివ్వండి, కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి పనికొస్తుంది" అన్నారు. మంచి రోజంటే ప్రమోషన్ వచ్చిన రోజో, ప్రాజెక్టు గట్టెక్కిన రోజో అని వాళ్ల ఉద్దేశం. అలాంటివి నాకూ ఉన్నాయి గానీ తలుచుకుంటే ఆవలింత వస్తుంది. తలుచుకున్నప్పుడల్లా నన్ను కుర్చీలోంచి లేపి హాల్లో అటూ ఇటూ తిప్పే రోజు ఒకటుంది. ఆ రోజు మధ్యాహ్నానికి నా ఉద్యోగం పోయింది. అదే రాస్తున్నాను. పనికిరాదనుకుంటే అచ్చు వేయకండి, నాకేం బాధ లేదు.

డాట్‌కామ్ అన్న మాట వినబడితే చాలు, ఎదుటివాడు లేచి కుర్చీ వేసే రోజులవి. అమీర్‌పేటలో నేర్చుకున్న కోర్సుతో విమానం దిగిన కుర్రాడికి వారం తిరక్కుండా పని దొరికేది. ఆదివారం లిటిల్ ఇండియాకి వెళ్తే షిప్‌యార్డు కుర్రాళ్లూ కంప్యూటర్ కుర్రాళ్లూ ఒకే వరసలో నిలబడి ఇంటికి మాట్లాడటానికి ఫోన్ కార్డులు కొనేవాళ్లు. నేను వాళ్లకంటే బాగా పెద్దవాణ్ణి. అనంతపురంలో బీకాం చదివి, ఇక్కడ కార్గో ఆఫీసుల్లో ఏళ్లకేళ్లు పనిచేసి, అందరూ దూకుతున్నారని సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాణ్ణి. ఉన్నచోట ఉండలేని జబ్బు నాకు మొదటినుంచీ ఉంది.

నా పని ప్రోగ్రాములు రాయడం కాదు. వ్యాపారస్తుల దగ్గర కూర్చుని, సరుకు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతుందో అడిగి తెలుసుకుని, దాన్ని డబ్బాలుగా, బాణాలుగా గీసివ్వడం. ఒక్కో డబ్బా ఒక్కో మనిషి అనుకోండి. ఆ రోజుల్లో మా అందరికీ పట్టిన పిచ్చి ఒక్కటే, మధ్యలో ఉన్న డబ్బాలు పీకెయ్యడం. తయారుచేసేవాడు ఒక చివర, కొనేవాడు ఒక చివర, మధ్యలో మా వెబ్‌సైట్. మిగతావాళ్లంతా దండగ. ఈ మాట మీటింగుల్లో నేనూ చాలాసార్లు అన్నాను, అన్నప్పుడల్లా అందరూ తలలూపారు.

మాకు ఒక బట్టల ఎగుమతిదారు దొరికాడు. హై స్ట్రీట్ దగ్గర తండ్రి నాటి నుంచీ ఉన్న కొట్టు. జపాన్, కొరియా, ఇండోనేషియాల నుంచి తానులు తెప్పించి ఆఫ్రికాకి పంపుతాడు. అందులో పెద్ద భాగం పోయేది ఒక్క ఊరికే, కానో. నైజీరియాకి ఉత్తరాన, ఎడారికి దిగువన ఉంటుంది ఆ ఊరు. అక్కడి నుంచి ఆ బట్ట నైజర్‌కీ, చాద్‌కీ, కామెరూన్‌కీ చీలిపోతుంది. అంతా ఒక పెద్దాయన చేతి మీదుగా జరుగుతోంది. ఆయన్ని అందరూ అల్‌హాజీ అంటారు. అది పేరు కాదు, మక్కా వెళ్లొచ్చిన మనిషిని పిలిచే పిలుపు.

మా పథకం ఇది. మొదటి ఏడాది అల్‌హాజీ తన దగ్గర కొనే వర్తకులందర్నీ మా వెబ్‌సైట్‌లో చేర్పించాలి. అందుకు ఆయన్ని 'భాగస్వామి' అంటాం, కొంత వాటా ఇస్తాం. రెండో ఏటి నుంచి ఆ వర్తకులు నేరుగా సింగపూర్‌కే ఆర్డర్లు పెట్టుకుంటారు. అప్పుడు ఇక అల్‌హాజీతో పనిలేదు. నా బొమ్మలో మొదటి దశలో ఆయన డబ్బా ఉంది, రెండో దశలో లేదు. ఆ రెండో బొమ్మ ఆయనకి చూపించకూడదని నాకెవరూ చెప్పలేదు, చూపించమనీ చెప్పలేదు. ఇంత పెద్ద సంగతి ఎవరూ పైకి అనకుండానే అందరికీ అర్థమైపోయింది.

మా టీమ్ లీడ్ నెల్లూరు కుర్రాడు. నన్ను అన్నా అనేవాడు. తెలివైనవాడు, పని రాక్షసుడు. టీమ్‌లో ఉన్న పిల్లలందర్నీ హైదరాబాద్ నుంచి తన పూచీ మీద తెచ్చుకున్నాడు. అల్‌హాజీ సంతకం పెడితే వాళ్లు ఇక్కడ పనిచేయడానికిచ్చే పాసులు పొడిగిస్తానని బాస్ మాటిచ్చాడు. పెట్టకపోతే ఎవరి పెట్టె వాళ్లు సర్దుకోవాల్సిందే. ఆ కుర్రాడి పెళ్లాం అప్పుడు కడుపుతో ఉంది. నాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది కాబట్టి నా మెడ మీద ఆ కత్తి లేదు.

అల్‌హాజీ వచ్చిన రోజు నేనూ, లీడూ చాంగీ ఎయిర్‌పోర్టుకి వెళ్లి హోటల్‌కి తీసుకొచ్చాం. లేత నీలం రంగు పెద్ద అంగీ, కుట్టుపని ఉన్న టోపీ, పొడుగాటి మనిషి. గది తాళం చేతికిస్తే తీసుకోలేదు. లాబీలో సోఫా అంచున కూర్చుని, ఈ ఊళ్లో నా ఇల్లు ఏది అని అడిగాడు. ఇదే మీకు ఇల్లు, డబ్బులన్నీ కంపెనీ కట్టేసింది అని లీడ్ నచ్చజెప్పబోయాడు. హోటల్ దారినపోయేవాళ్లకి, నేను బేరం మాట్లాడటానికి వచ్చాను, ఇల్లు లేకుండా బేరం ఎలా మాట్లాడతారని ఆయన అడిగాడు. ఇదివరకు వచ్చినప్పుడల్లా ఎగుమతిదారు తండ్రి తన ఇంట్లోనే దింపుకునేవాడట. ఆ ముసలాయన పోయాడు. కొడుక్కి ఫోన్ చేస్తే, ఇంట్లో పాలరాయి పని జరుగుతోంది, హోటలే హాయి అన్నాడు.

అల్‌హాజీ కదల్లేదు. టీ తాగలేదు. లీడ్ ముఖం పాలిపోయింది. నాకు చిర్రెత్తింది, ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. ఇంత దూరం వచ్చిన పెద్దమనిషిని బస్టాండులో మూటలాగా కూర్చోబెట్టడమేమిటి? లేవండి, మా ఇంటికి పోదాం అన్నాను. ఆయన వెంటనే లేచాడు. లీడ్ నా చెయ్యి పట్టుకుని, "అన్నా, కాపాడావు" అన్నాడు. మేమిద్దరం పెట్టె పట్టుకుని రైలెక్కి, చిట్టచివరి స్టేషన్ పాసిర్ రిస్‌లో దిగాం.

ముందు ఫోనయినా చెయ్యనందుకు మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది, ఆయన వైపు తిరిగి నమస్కారం పెట్టింది. పడమర ఎటో అడిగి ఆయన నమాజు చేసుకున్నాడు. వంటింట్లో మా ఆవిడ గుసగుసగా, "ఆయప్ప ఏం తింటాడో ఏమో, రాగిసంగటి, బెండకాయ పులుసు తప్ప ఇంట్లో ఏమీ లేదు కదప్పా" అంది. అదే పెట్టాం. ఆయన సంగటి ముద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అంగీ చేతులు పైకి లాక్కుని, వేళ్లతో తుంచి, మధ్యలో గుంట చేసి, పులుసులో ముంచి తిన్నాడు. మా అనంతపురంవాళ్లు తినేది సరిగ్గా అలాగే. వాళ్ల ఊళ్లోనూ జొన్నపిండితో ఇదే చేస్తారట, బెండకాయతోనే తింటారట. ఆ పూట నుంచి మా ఆవిడకి ఆయన చుట్టమైపోయాడు.

సాయంత్రాలు నేనూ ఆయనా పాసిర్ రిస్ బీచి వెంట నడిచేవాళ్లం. దూరంగా ఓడలు నిలబడి ఉండేవి. మాదీ రేవే, నీళ్లు మాత్రం లేవు అని నవ్వేవాడు. ఆయన చెప్పగా విన్న కానో ఇప్పటికీ నా బుర్రలో ఉంది. ఊరి చుట్టూ ఎత్తైన మట్టిగోడ, గోడకి ద్వారాలు. ఎడారి దాటి ఒంటెలు ఉప్పు తెచ్చేవి. దక్షిణాన అడవుల నుంచి గాడిదల మీద, వక్కల్లా నమిలే కోలా కాయలొచ్చేవి. నేలలో గుంటలు తవ్వి నీలిమందు కలిపి బట్టలకి రంగు వేసేవాళ్లు, ఇప్పటికీ వేస్తున్నారు. కానోలో పదును చేసిన మేక తోలు ఒంటెల మీద మొరాకో చేరి, అక్కడి నుంచి యూరప్‌కి పోయి, మొరాకో తోలు అన్న పేరుతో అమ్ముడయ్యేదట. పనిచేసింది మేము, పేరు వాళ్లది అన్నాడు. ఈ మాట మన సాఫ్ట్‌వేర్‌వాళ్లకి కొత్తేమీ కాదు.

ఇంగ్లీషువాళ్లు వచ్చి, మీ దగ్గర పత్తి కొంటామంటూ సముద్రం నుంచి కానో దాకా రైలు వేశారు. కానో వర్తకులు లెక్క వేసుకుని, పల్లెలకి కబురు పెట్టి, పత్తికి బదులు వేరుశనగ వేయించారు. రైలు పత్తి కోసం వచ్చి వేరుశనగతో తిరిగి వెళ్లింది. బస్తాలు మోయడానికి రైళ్లు చాలక, ఊరి బయట గోపురాల్లా పేర్చిపెట్టేవాళ్లట. ఇది విని నేను రోడ్డు మీదే పగలబడి నవ్వాను. ఊరంతా వేరుశనగ బుడ్డలు పండించే అనంతపురంవాడికి ఆ కథ చెప్తే నవ్వు రాక ఏమవుతుంది?

అప్పుడే ఒక సాయంత్రం ఆయన మైగిదా సంగతి చెప్పాడు. వాళ్ల భాషలో దానర్థం ఇంటి యజమాని. కానోకి పైఊరి వర్తకుడు వస్తే నేరుగా బజారుకి పోడు. ఒక మైగిదా ఇంట్లో దిగుతాడు. ఆ ఇంటాయన అతనికి గదీ, తిండీ ఇస్తాడు, ఒంటెలకి మేత వేయిస్తాడు, సరుకు కాపాడతాడు, కొనేవాణ్ణి వెతికిపెడతాడు. ఊరికి కొత్తవాడి తరఫున తాను పూచీ ఉంటాడు. ఎడారి అవతలివాడికీ, అడవి ఇవతలివాడికీ భాష కలవదు, ముఖం తెలియదు. ఇద్దరికీ తెలిసింది ఆ ఇల్లొక్కటే. ఊరు ఎన్ని రకాల సరుకులు మార్చినా ఆ ఇళ్ల మీదే నిలబడింది. అల్‌హాజీ తాతా మైగిదాయే, తండ్రీ మైగిదాయే. బట్ట అమ్మడం ఆయన వ్యాపారంలో సగమే. పెరట్లో వరసగా ఉన్న గదుల్లో నైజర్ నుంచీ, చాద్ నుంచీ వచ్చి దిగే వర్తకులు మిగతా సగం. మా వెబ్‌సైట్‌కి కావాల్సింది సరిగ్గా ఆ గదుల్లోని మనుషులే.

నేను ఇదంతా కథలా విన్నాను. ఎంత బాగుంది, ఎంత బాగుంది అనుకున్నాను. ఆయనకి గది ఇచ్చి తిండి పెడుతున్నవాణ్ణి నేనే కదా అన్న ఆలోచన నా బుర్రలోకి రానేలేదు. ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టడం మనకి మర్యాద. ఆయన లెక్కలో అది ఒప్పందమని నాకేం తెలుసు?

మీటింగుకి ముందు రోజు మా ఆవిడ గిన్నెలు తుడుస్తూ అడిగింది, వచ్చే ఏడాది నుంచి ఆయన్ని తీసేస్తారని ఆయనకి తెలుసా అని. బొమ్మ గీసేటప్పుడు ఆమెకి నేనే గొప్పగా చెప్పుకున్నాను. అది నా పని కాదు, పెద్దవాళ్లు చూసుకుంటారు అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు, అందుకే నాకు మరీ చిరాకేసింది. నిజం చెప్తున్నాను, ఆ మర్నాడు నోరు మూసుకుని కూర్చోవాలనే అనుకున్నాను. నేనేమీ ధర్మప్రభువుని కాదు. నెల్లూరు కుర్రాడి ముఖం, వాడి పెళ్లాం ముఖం నా కళ్ల ముందున్నాయి.

మర్నాడు పొద్దున మీటింగు. బాస్ ఇక్కడి చైనీస్ కుర్రాడు, నాకంటే చిన్నవాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఎగుమతిదారు మంచి సూటులో వచ్చాడు. లీడ్ మొదటి బొమ్మ తెర మీద వేసి చక్కగా వివరించాడు. కానో డబ్బాకి ప్రత్యేకంగా ఆకుపచ్చ రంగు వేశాడు. అల్‌హాజీ శ్రద్ధగా విన్నాడు. ఒప్పందం ఆయన ముందు పెట్టారు, పెన్ను ఇచ్చారు. ఆయన పెన్ను తీసుకోకుండా కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఈ ఊళ్లో నా మైగిదా ఇతను. ఇతను చెప్పాలి. నా వర్తకులందర్నీ వీళ్లకి అప్పగిస్తే నా ఇల్లు నిలబడుతుందా?" అన్నాడు.

బాస్ నవ్వాడు, సరదాగా అన్నాడనుకుని. ఎగుమతిదారు మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న ఇంట్లో ఆయన దిగిన రోజులు అతనికి తెలుసు, ఆ మాటకి అర్థమూ తెలుసు. ఇంతలో లీడ్ తల వంచి, కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ తెలుగులో అన్నాడు, "అన్నా, గమ్మునుండు. నవ్వేసి ఊఁ అను, చాలు. పిలకాయలందరూ నీ నోటి మీద ఉన్నారు."

నిజమే, ఊఁ అంటే చాలు. అందులో అబద్ధం కూడా పూర్తిగా లేదు, మొదటి ఏడాది ఇల్లు నిలబడేదే. ఆ మాటే అందామని నోరు తెరిచాను. ఆయన నన్ను చూస్తున్న చూపులో అనుమానం లేదు, బతిమాలడం లేదు. డాక్టరు నోటి వైపు చూసినట్టు చూస్తున్నాడు. అతని ఇంట్లో తిన్నాను, అతని ఇంట్లో పడుకున్నాను, కాబట్టి అతను నిజమే చెప్తాడు. అంతే ఆయన నమ్మకం. నాకు ఒళ్లు మండింది. బాస్ మీద, లీడ్ మీద, ఆయన మీద, రాగిసంగటి వండిపెట్టిన మా ఆవిడ మీద కూడా.

"ఈ ఏడాది మీరు కావాలి," అన్నాను. "వచ్చే ఏడాది మీ వర్తకులు నేరుగా ఇక్కడే కొంటారు. ఆ బొమ్మ గీసింది నేనే. అందులో మీరు లేరు."

అల్‌హాజీ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎగుమతిదారు వైపు తిరిగి, మీ నాన్నతో చేసినట్టే మీతోనూ బట్టల వ్యాపారం చేస్తాను, ఈ కాగితం మాత్రం నాకొద్దు అన్నాడు. లేచి అందరితో చెయ్యి కలిపాడు, లీడ్‌తో కూడా. నన్ను మెచ్చుకోలేదు, థాంక్స్ చెప్పలేదు. మైగిదా తన పని తాను చేశాడు, అందులో మెచ్చుకునేదేముంది? కింద లాబీలో కూర్చుంటాను, మీ పని అయ్యాక ఇంటికి పోదాం అన్నాడు.

నా పని చాలా త్వరగా అయిపోయింది. బాస్ తన గదిలోకి పిలిచి, గొంతు పెంచకుండా, "అంకుల్, హూ పే యూ లా?" అన్నాడు. నాకు జీతమిచ్చేది ఎవరని అడగడం. అడగవలసిన ప్రశ్నే. ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

లిఫ్టు దగ్గర లీడ్ నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "మంచోడివన్నా," అన్నాడు. "మా కడుపు మీద కొట్టి మంచోడివయ్యావు." మంచి పని చేశావని మా సంఘంలో ఎవరైనా భుజం తడితే నాకు చెడ్డ కోపం వస్తుంది, ఎందుకంటే ఆ పనికి ధర చెల్లించింది నేను కాదు, వాడు.

టీమ్ పిల్లలు కొందరు వెనక్కి వెళ్లిపోయారు. బూమ్ రోజులు కాబట్టి లీడ్‌కి ఇక్కడే మరోచోట పని దొరికింది. కూతురు పుట్టిందని ఎవరో చెప్పగా విన్నాను. లిటిల్ ఇండియాలో నేను ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. నేను మళ్లీ కార్గో ఆఫీసుకే వెళ్లాను. మరికొంత కాలానికి డాట్‌కామ్ బుడగ పేలింది. మా పాత కంపెనీ ఉన్న అంతస్తులో ట్యూషన్ సెంటర్ పెట్టారు. చూశావా, ఎలాగూ మునిగేదే అని నాకు నేను చెప్పుకోబోయాను. ఆ ఓదార్పు నాకు ఒంటబట్టలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకి, ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. ముప్పై ఏళ్ల మనిషి, పక్కన పెట్టె. అల్‌హాజీ కొడుకునని చెప్పుకున్నాడు. తండ్రికి మోకాళ్లు పట్టేసి ప్రయాణాలు మానేశాడట. లోపలికి రమ్మన్నాను, మా ఆవిడ టీ ఇచ్చింది. అతను టీ చేత్తో పట్టుకుని ఊరి కబుర్లు చెప్పాడు. చైనా నుంచి ఫ్యాక్టరీల వాళ్లే కానో వచ్చి, బట్టల బజారులోనే కొట్లు తెరిచారట. వర్తకులు నేరుగా వాళ్ల దగ్గరే కొంటున్నారట. పెరట్లో గదులు చాలావరకు ఖాళీ, రెండింట్లో ఎరువుల బస్తాలు వేశారట. ఏ వెబ్‌సైటూ రాకుండానే ఆ డబ్బాని ఎవరో పీకేశారు.

తర్వాత అతను సూటిగానే అన్నాడు. ఆ రోజు నాన్న మీ మాట వినకుండా సంతకం పెట్టి ఉంటే ఆ కొత్త పద్ధతేదో మాకే ముందు వచ్చేది, కొన్నేళ్లయినా అందరికంటే ముందుండేవాళ్లం, మా ఇల్లు ఇలా అయ్యేది కాదు అన్నాడు.

నాకు నషాళానికి అంటింది. నా ఉద్యోగం పోయింది, తమ్ముడి లాంటివాడు దూరమయ్యాడు, చివరికి ఈ మాట కూడా నేనే పడాలా? మా ఆవిడ వద్దని కళ్లతో సైగ చేస్తున్నా వినకుండా అడిగేశాను.

"అంత నష్టం చేసినవాడి ఇంటికి ఎందుకొచ్చావు? సింగపూర్‌లో హోటళ్లు లేవా?"

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఈ ఊళ్లో మా ఇల్లు ఇదే కదా. నష్టం వచ్చిందని ఇల్లు మారుస్తామా?" అన్నాడు. అని, రేపు పొద్దున తనని ముందుగా ఏ కొట్టుకి తీసుకెళ్తున్నానని అడిగాడు.